మన గోల్‌లోనే

"ఫస్ట్ మ్యాచ్‌లోనే గోల్ కొట్టావ్ ఆల్ఫీ, కంగ్రాట్స్! కాకపోతే మన గోల్‌లోనే కొట్టావ్," అంది కారు వెనక సీట్లోంచి అవని.

"నోరు మూస్తావా?" డ్రైవ్ చేస్తున్న రేణు కూతుర్ని కసిరింది.

ఆల్ఫీ, డాలస్ ఫుట్‌బాల్ క్లబ్‌కి ఆడటానికి ఇంగ్లాండు నుంచి వచ్చి, ఆ ఊరి శివార్లలోని కాపెల్‌లో రేణు వాళ్ళింట్లో అద్దెకుంటున్న పంతొమ్మిదేళ్ళ కుర్రాడు. స్టేడియం దాటినప్పటి నుంచీ రేణు పక్కన తల దించుకుని కూర్చున్నాడు.

"అననివ్వండి ఆంటీ. లాస్ట్ ఇయర్ మా ఊళ్ళో కూడా ఇలాగే కొట్టాను. కోచ్, టీమ్, చివరికి మా నాన్న కూడా ఒక్క మాట అనలేదు. నెల తిరక్కుండా క్లబ్ నన్ను వదిలేసింది. అప్పట్నుంచీ ఎవరైనా సైలెంట్‌గా ఉంటే భయమేస్తుంది."

అతను నొచ్చుకుంటాడని రేణు దారంతా అతనితో ఏమీ మాట్లాడలేదు. అతన్ని భయపెట్టింది అదేనని ఇప్పుడు తట్టింది.

ఇంటి ముందు కారాపి, గొంతు సవరించుకుంది.

"దోసెలు వేస్తాను, రా. మనిల్లు ఇదే బాబూ, పక్కిల్లు కాదు. కాస్త చూసుకుని రా."

అవని పడీపడీ నవ్వింది.

ఆల్ఫీ దిగి, బ్యాగు భుజాన వేసుకుని, కావాలనే పక్కింటి వైపు నడిచాడు.