డాడీకి చెప్పొద్దు

"ముందు ఆ ఫోటోలు తీసెయ్యి," అంది ఫోన్లో సుమతి.

మేధ నీలం గోడకి ఆనుకుని నిలబడింది. మొరాకోలో కొండ మీది చిన్న ఊరు షెఫ్‌షావెన్. గోడలు నీలం, తలుపులు నీలం, ఆఖరికి మెట్లు కూడా నీలమే. ఇంత దూరం వచ్చి ఫోటో పెట్టకపోతే ఎలా అని ఫ్యామిలీ గ్రూప్‌లో పెట్టింది. పెట్టిందో లేదో, అమ్మ ఫోన్.

"ఎందుకమ్మా? బాగానే ఉన్నాయి కదా."

"అన్నిట్లోనూ ఒక్కదానివే ఉన్నావు. డాడీ ఇట్టే పట్టేస్తారు. ఫ్రెండ్స్‌తో వెళ్ళావని చెప్పాను ఆయనకి. ఒక్కదానివే తిరుగుతున్నావని తెలిస్తే రేపే రిటర్న్ ఫ్లైట్ బుక్ చేసేస్తారు."

"ఐ యామ్ ట్వెంటీ సిక్స్, అమ్మా."

"ఆయన దృష్టిలో నీకింకా ఆరేళ్ళే."

మేధకి ఒళ్ళు మండింది. కానీ ట్రిప్ ఇంకా సగమే అయింది, ఎడారి చూడాలి. ఏడాదంతా సెలవులు దాచుకుని వచ్చింది. నోరు మూసుకుని ఫోటోలు తీసేసింది.

"పోనీ వీడియో ఆన్ చెయ్యి, ఊరు చూపిస్తాను."

"ఇప్పుడు కాదులే. డాడీకి దోశలు వేస్తున్నా."

సముద్రం అవతల ఇంటి దగ్గర, నేపర్‌విల్‌లో, అప్పుడే తెల్లవారి ఉంటుంది. శనివారం దోశల రోజే. మేధ ఫోన్ బ్యాగ్‌లో పడేసి సందుల్లోకి నడిచింది. పిల్లులు మెట్ల మీద కాళ్ళు చాపుకుని పడుకున్నాయి. వాటిని దాటుకుంటూ వెళ్ళి ఓ తివాచీల కొట్లో ఆగింది.

"ఒంటరిగా వచ్చావా?" అని ఇంగ్లీషులో అడిగాడు కొట్టాయన.

"అవును."

ఆయన తలూపి తివాచీ ధర చెప్పాడు. అంతే. కొంప మునిగినట్టు చూడలేదు.

మధ్యాహ్నం పుదీనా టీ తాగుతుంటే మళ్ళీ అమ్మ.

"డాడీ ఫోన్ చేస్తే ఎత్తకు. సిగ్నల్ లేదని నేను చెప్తాను. నీకు అబద్ధం చెప్పడం రాదు, దొరికిపోతావు."

అని పెట్టేసింది. తిన్నావా అని అడగకుండా అమ్మ ఫోన్ పెట్టేయడం మేధకి తెలిసి ఇదే మొదటిసారి.

సాయంత్రం ఊరి పక్క కొండెక్కింది. కింద ఊరంతా నీలంగా కనిపించింది. ఎవరి కోసమూ ఆగకుండా, ఎవర్నీ ఆపకుండా ఒక రోజంతా గడిచింది. చాలా సంతోషంగా ఉంది. అప్పుడే ఫోన్ మోగింది. డాడీ.

మేధ కట్ చేయబోయి ఆగింది. తప్పేం చేసిందని దాక్కోవాలి? డాడీ అరుస్తారు, అంతేగా. ఫ్లైట్ బుక్ చేస్తే చేసుకోనీ, ఎక్కేది తను కదా. ఫోన్ ఎత్తింది.

"డాడీ, మీకో విషయం చెప్పాలి. నేనిక్కడ..."

"తర్వాత చెబుదువుగానిలే తల్లీ, స్టవ్ మీద పప్పు ఉడుకుతోంది. మీరిద్దరూ బయల్దేరినప్పట్నించీ బ్రెడ్డే గతి నాకు. సాంబారు పొడి ఎక్కడ పెట్టిందో అడుగుదామంటే మీ అమ్మ ఫోన్ ఎత్తట్లేదు. పక్కనే ఉంటుందిగా, ఒకసారి ఇవ్వు."