తండ్రి పేరు ముందు మాట

"తండ్రి పేరు ముందు ఆ 'లేట్' తీసెయ్యమ్మా" అన్నాడాయన, కంప్యూటర్ తెర మీద వేలు ఆనించి.

పెళ్ళికార్డులు కంపోజ్ చేసే అమ్మాయి తలెత్తి చూసింది. అయినదానికీ కానిదానికీ అనుమానపడుతుందని ప్రెస్సు ఓనరు ఆమెను డిటెక్టివ్ అంటాడు. ఎదుటి మనిషి చొక్కా ఇస్త్రీ నలగలేదు. జుట్టుకు ఒత్తుగా నల్లరంగు. వయసు అంతుచిక్కలేదు.

"కార్డు ఇచ్చింది పెళ్ళికూతురు. మీరెవరండీ?"

"ఎవరైతేనేం? ఆ మనిషి చావలేదు. నాకన్నా ఎవరికి తెలుస్తుంది?"

డిటెక్టివ్ కుర్చీ ఆయన వైపు తిప్పుకుంది. "లేట్ అని పోయినవాళ్ళకేగా వేస్తాం?"

"అసలర్థం అది కాదమ్మా. ఇన్నేళ్ళు పిల్లలకి ఇంగ్లీషు చెప్పినవాణ్ణి. పాతరోజుల్లో ఆ మాటకి నిదానం, మందకొడితనం అని అర్థం. తర్వాత ఆలస్యమైంది. చావు ఎప్పటికో వచ్చి చేరింది. లేటెస్టు కూడా అందులోంచి పుట్టిందే. లేటెస్టు ఫోనంటే చచ్చిన ఫోనా?"

నవ్వు వచ్చినా పైకి రానివ్వలేదామె. "అయితే ఉండనివ్వండి. ఆలస్యమనే అనుకుంటారు."

"చదివేవాళ్ళు అలా అనుకోరుగా!" ఆయన మళ్ళీ తెర మీద వేలు పెట్టాడు. "ఆలస్యమైన మనిషి ఎప్పటికైనా వస్తాడమ్మా. వచ్చి ఈ కార్డు చూస్తే ఏమైపోతాడు?"

తన సంగతే పరాయివాడి సంగతిలా చెబుతున్నాడనుకుంది డిటెక్టివ్. ఎప్పుడో ఇల్లు వదిలి పోయుంటాడు. తల్లీకూతుళ్ళు చనిపోయాడని పరువు కోసం చెప్పుకునుంటారు. ఇప్పుడు తీరా పెళ్ళి కుదిరాక చెడగొట్టడానికి దిగాడు!

"కూర్చోండి, ఓనరుగారిని అడిగొస్తా" అని లోపలికి వెళ్ళి పెళ్ళికూతురికి ఫోన్ చేసింది.

"ఏమనుకోకండి, మీ నాన్నగారు బతికే ఉన్నారా? ఇక్కడొకాయన 'లేట్' తీసెయ్యమని కూర్చున్నారు."

అవతల తాళాలు అందుకున్న చప్పుడు. "ఆయన్ని కదలనివ్వకండి. వస్తున్నా."

పెళ్ళికూతురు రొప్పుతూ వచ్చింది. డిటెక్టివ్ గబగబా ఇద్దరి మధ్యకు వెళ్ళి నిలబడింది. రభస తప్పదనుకుంది.

ఆయన తప్పు చేసినవాడిలా లేచాడు. "నువ్వయినా చెప్పమ్మా, తీసెయ్యమని."

పెళ్ళికూతురు తెర వంక చూసింది. పెదవి బిగబట్టింది.

"తీసెయ్యండి" అంది డిటెక్టివ్‌తో.

తర్వాత ఆయన చెయ్యి పట్టుకుంది.

"తాతయ్యా, నాన్నకి లేటవుతుందట, ఇంటికెళదాం పద."