జంటల వరుస

"పెద్దమ్మా, ఈ కుర్చీ కాస్త ఖాళీ చేస్తారా?"

ముందు వరుసలో కునికిపాట్లు పడుతున్న ముసలావిడ తలెత్తి చూసింది.

అడిగింది మైకు. పార్టీ ఆఫీసులో అందరూ ఆమెని అలాగే పిలుస్తారు. ఆ గొంతుకి వేరే మైకు అక్కర్లేదని.

ఇవాళ మాత్రం ఆ గొంతు తనకే ఎక్కడో దూరంగా వినిపిస్తోంది.

బయట సన్నగా వాన. నీలం తెరల్లోంచి పడుతున్న వెలుతురుకి హాలంతా నీళ్ళ అడుగున ఉన్నట్టుంది. అందులోకి మనుషులు తేలుతూ వస్తున్నారు. చేయీ చేయీ పట్టుకుని ఇద్దరు మగవాళ్ళు. ఒకే గొడుగులో ఇద్దరు ఆడవాళ్ళు.

ఇలాంటి జంటల ఓట్లు అడగడానికి పార్టీ పెట్టిన మొట్టమొదటి సభ ఇది. పెద్దల చుట్టూ కాళ్ళరిగేలా తిరిగి మైకే ఒప్పించింది.

"ఓట్లప్పుడే మీవాళ్ళకి మనం గుర్తొస్తాం," అంది పొద్దున, ఆమెతో కాపురం ఉంటున్న నర్సు. "నువ్వు కలలు కంటున్నావే."

"కంటే కన్నాలే. నువ్వు మాత్రం రా."

నర్సు వచ్చింది. వచ్చి, చేతులు కట్టుకుని తలుపు దగ్గరే నిలబడింది.

"ఈ వరుస జంటలకండీ," అంది మైకు ముసలావిడతో. "ఫొటోలు తీస్తారు."

"మాదీ జంటేనమ్మా."

"మరి రెండోవారు?"

"పోయింది."

మైకు ఏదో అనబోయింది. అంతలో ఫొటోగ్రాఫర్ తొందరపెట్టాడు.

"వెనక స్తంభం దగ్గర గాలి బాగా వస్తుంది. రండి."

ఆవిడ మైకు చెయ్యి ఆసరా చేసుకుని లేచింది.

"అబ్బాయి బాగా మాట్లాడతాడా?" నడుస్తూ అడిగింది.

"మా నాయకుడా? ఆయన మాట్లాడితే రాళ్ళు కరగాల్సిందే."

"వానలో తడిసొస్తాడేమో."

మైకు నవ్వేసి, స్తంభం పక్క కుర్చీలో ఆవిణ్ణి కూర్చోబెట్టి వెళ్ళిపోయింది.

నాయకుడు వేదిక ఎక్కాడు.

"నిన్నటిదాకా మా పార్టీ మిమ్మల్ని చూసి మొహం తిప్పుకుంది. నేనూ తిప్పుకున్నాను. మేం గెలిస్తే, మీరు కలిసి బతికిన ఇల్లు మీ ఇద్దరిదీ. ఒకరు పోతే రెండోవాళ్ళని బయటికి పొమ్మనే హక్కు ఎవరికీ..."

అక్కడ ఆగిపోయాడు. చూపు వెనక స్తంభం దగ్గర చిక్కుకుపోయింది. పెదవులు కదిలాయి గానీ మాట పెగల్లేదు.



మనకోసం ఎంత కదిలిపోయాడో అనుకున్నారు జనం. ఒక్కసారిగా చప్పట్లు. తలుపు దగ్గర నర్సు కూడా కట్టుకున్న చేతులు విప్పింది.

అది చూసిన మైకుకి కాళ్ళు నేలమీద ఆనలేదు.

చప్పట్లు ఆగకముందే నాయకుడు వేదిక దిగి, జనాన్ని తప్పించుకుంటూ వచ్చాడు.

"ఆ స్తంభం దగ్గరున్నావిడ ఏది?"

కుర్చీ ఖాళీగా ఉంది.

"ఇప్పుడే వెళ్ళింది," అంది నర్సు. "తలుపు తీసిపెట్టాను. నా ఓటు వాడికే అని చెప్పి వెళ్ళింది."

మైకు వీధిలోకి పరుగెత్తింది. వానలో గొడుగులన్నీ ఒక్కలాగే ఉన్నాయి. ఒక్కో గొడుగు కిందకీ వంగి చూసింది. ఎవరెవరో మొహాలు.

తిరిగొచ్చేసరికి నాయకుడు ఆ కుర్చీ పక్కన నేలమీద చతికిలబడి ఉన్నాడు.

"నేనే లేపి వెనక్కి పంపాను సార్," అంది మైకు. "ఎవరావిడ?"

"నువ్వు కుర్చీలోంచి లేపావు. నేను ఇంట్లోంచే పంపేశాను. మా అమ్మ చనిపోయిన వారానికే. నలుగురికీ తెలిస్తే పార్టీ టికెట్టు ఇవ్వదేమోనని."

ఖాళీ కుర్చీ మీద చెయ్యి వేశాడు.

"నన్ను పెంచింది ఇద్దరమ్మలు, మైకూ," అన్నాడు. "మిగిలున్న అమ్మ ఆవిడ."