ఆర్ల్‌బెర్గ్‌కి ఇద్దరు

“ఇద్దరికి. అవునండీ, ఇద్దరికే. ఇంటికి మాత్రం ఫోన్ చేయకండి.”

వీధి గుమ్మం దగ్గర సెవెరిన్ గొంతు తగ్గించి మాట్లాడుతున్నాడు. వంటింట్లో నానిన రొట్టెతో క్నోడెల్ ఉండలు చుడుతున్న బుర్గీ చేతులు ఆగిపోయాయి. పాతికేళ్ల కాపురంలో అతను గొంతు తగ్గించింది రెండే చోట్ల. చర్చిలో, ఒకసారి ఆసుపత్రిలో.

“ఎవరు?” అని కేకేసింది.

“ఆఫీసు వాళ్లు.”

ఆదివారం పూట ఆఫీసు!

ఆరేళ్ల కిందటి వరకు ప్రతి జనవరిలోనూ ఇద్దరూ ఇన్స్‌బ్రుక్ నుంచి రైలెక్కి ఆర్ల్‌బెర్గ్ వెళ్లేవారు. మంచు మీద జారడానికి జనం వచ్చే అంత పెద్ద స్కీ రిసార్టులో, కొండ మీదికి తీసుకెళ్లే ఏ లిఫ్టు ఎక్కడ దింపుతుందో, ఏ వాలు మీద ఎండ పోగానే మంచు గట్టిపడుతుందో బుర్గీకి కంఠతా వచ్చు. తర్వాత ఆమె మళ్లీ కొండ ముఖం చూడలేదు. “నువ్వు లేకుండా నాకెందుకు?” అని సెవెరిన్ కూడా తన స్కీలు నేలమాళిగలో పడేశాడు.

ఇప్పుడవి బయటికొచ్చాయి. అతను చెప్పలేదు. కానీ స్కీలకు రాసే మైనం వాసన దాస్తే దాగుతుందా? శుక్రవారం శుక్రవారం మధ్యాహ్నం “లూయిస్ ఇంటి కప్పు బాగుచేస్తున్నాం” అని స్నేహితుడి పేరు చెప్పి వెళ్తాడు. కోటు నిండా చలి మోసుకుని తిరిగొస్తాడు. ప్యాంటు అంచులు తడి. ఇంకా నవంబరే, ఊళ్లో మంచు పడనే లేదు. ఉన్న మంచంతా ఎక్కడో పైన, హిమానీనదం మీద. లూయిస్ ఇల్లు అక్కడ లేదు.

బుధవారం పొద్దున స్నానాల గది తలుపు వెనక నుంచి మళ్లీ ఆ తగ్గించిన గొంతు.

“ఎడమకి... ఇంకాస్త ఎడమకి... ఆఁ, అలా. భయపడకు, నేనున్నాగా. ఒళ్లు వదిలెయ్. మెల్లగా...”

ఫోన్లో ఓ ఆడపిల్ల నవ్వింది. “మీ గొంతు ఎంత మారిందండీ! ఇక ఎవరైనా మీ వెంట వచ్చేస్తారు.”

బుర్గీ గోడకు చేయి ఆనించి నిలబడింది.

మర్నాడు బట్టలు ఉతకబోతూ ఎప్పటిలాగే జేబులు తడిమింది. శుక్రవారం ప్యాంటు వెనక జేబులో నాలుగు మడతల కాగితం. సరిగ్గా అప్పుడే పై అంతస్తు నుంచి ట్రౌడీ దిగొచ్చింది. సెవెరిన్‌కి అక్క. కాఫీ వాసన ఇంకా గిన్నె దాటకముందే ఆవిడ వచ్చేస్తుంది.

“ఏంటే మరదలా అది? ప్రేమలేఖా?” అంటూ లాక్కుని పైకి చదివేసింది. “జనవరి పది నుంచి వారం రోజులు. ఆర్ల్‌బెర్గ్. పెద్దవాళ్లు ఇద్దరు, గది ఒకటి. లిఫ్టు పాసులు రెండు. మెట్లు లేని గది కావాలి, లిఫ్టుకి దగ్గరగా... కింద పెన్నుతో కరీనా అని, ఓ నంబరు.”

ట్రౌడీ కాగితాన్ని మళ్లీ నాలుగు మడతలు పెట్టి బుర్గీ చేతిలో ఉంచింది.

“మెట్లెక్కలేనిదంటే ఎవరినో ముసల్దాన్ని పట్టినట్టున్నాడే,” అంది, నవ్వించబోయి.

“వదినా!”

“ఊరుకోవే. సాక్సు జత కుదుర్చుకోవడమే చేతకాదు నా తమ్ముడికి. ఇంకో ఆడదాన్ని ఏం కుదుర్చుకుంటాడు?”

“మరి కరీనా ఎవరు?”

ట్రౌడీ కాఫీ సగంలో వదిలేసి వెళ్లిపోయింది.

శనివారం మధ్యాహ్నం బుర్గీ సూపు వడ్డించి, కాగితం అతని పళ్లెం పక్కన పెట్టింది. చెంచా చప్పుడు ఆగిపోయింది.

“ఇది ఎక్కడిది?”

“నీ జేబులోది. కరీనా ఎవరు?”

“టీచరు.”

“నీకు టీచరెందుకు? నాలుగో ఏట నుంచీ స్కీల మీదే ఉన్నావు.”

“స్కీయింగ్ కాదు. నాకు మాట్లాడటం నేర్పింది.”

“మాట్లాడటమా!” బుర్గీకి నవ్వొచ్చింది, ఏడుపులా. “పాతికేళ్లు నాతో మూగనోము పట్టి, మాటలన్నీ దానికోసం దాచిపెట్టావన్నమాట. తీసుకెళ్లు. కొండ చూపించు. తిరిగొచ్చేసరికి నేనీ ఇంట్లో ఉండను.”

“బుర్గీ, నిన్న పరీక్ష పెట్టారు. అందుకే ఇన్నాళ్లూ చెప్పలేదు. తప్పితే నీకు తెలియనివ్వకూడదనుకున్నాను.”

“పాసయ్యావా?”

“అయ్యాను.”

“ఎవరికోసం?”

అతను లేచాడు. కుర్చీ గీసుకుంది. గుమ్మం దాకా అడుగులు, కారు తలుపు, మళ్లీ అడుగులు. ఏదో కవరు చింపిన చప్పుడు. చేతుల్లేని పలచని చొక్కా ఒకటి ఆమె తల మీదుగా దిగింది. కొత్త బట్ట వాసన. అతని చేతులు పక్కల తాళ్లు బిగించాయి. అలాంటిదే ఇంకొకటి అతనూ తొడుక్కుంటున్న సవ్వడి.

“ఇదేంటి?” అంది ఆమె. ఆ గొంతులో కోపం ఇంకా ఉంది, కాని దారి తప్పింది.

“నీ వీపు మీద ‘చూపు లేని స్కీయర్’ అని రాసుంది బుర్గీ, నా వీపు మీద ‘గైడ్’ అని,” అంటూ సెవెరిన్ ఆమె వేళ్లను పట్టుకుని తన వీపు మీది అక్షరాల మీద ఒక్కొక్కటిగా నడిపించాడు.