చీటీలో మూడో పేరు

చీటీలో మూడో పేరు ఆమె తమ్ముడిది. ఇంటిపేరుతో సహా, చదివే కాలేజీతో సహా ఉంది.

బల్ల మీద చీటీ పెట్టిన క్లాస్‌మేట్ కెమెరాకు కనబడకుండా వంగి జారుకున్నాడు. వంతెన మీద కాలేజీ బస్సు బోల్తా, ముగ్గురు విద్యార్థుల మృతి, తక్షణం చదవాలి. కింద మూడు పేర్లు. కెమెరా మీద ఎర్ర దీపం వెలుగుతూనే ఉంది.

ఆమెను జర్నలిజం క్లాసులో అందరూ గడియారం అంటారు. పది నిమిషాల బులెటిన్ ఇస్తే సెకను తేడా లేకుండా ముగిస్తుంది. ఇవాళ చదువుతున్నది టర్మ్‌లో ఆఖరి బులెటిన్. అద్దం అవతల ఛానల్ ఎడిటర్ కూర్చుని చూస్తున్నాడు. పోటీలో మిగిలింది ఇద్దరు, ఇస్తానన్న ఉద్యోగం ఒకటి.

పరీక్షల వార్త తాలూకు దృశ్యాలు తెర మీదికొచ్చాయి, ఎర్ర దీపం ఆరింది. ఇక నలభై సెకన్లు ఆమె ముఖం ఎవరికీ కనిపించదు. ప్రొడ్యూసర్‌తో మాట్లాడే మైకు మీట నొక్కింది.

"ఎవరు చెప్పారిది?"

"పోలీసులు." చెవిలో ప్రొడ్యూసర్ గొంతు. అతనూ క్లాస్‌మేటే.

"పోలీసులంటే ఎవరు? పేరు చెప్పు."

"నాకేం తెలుసు? చదివెయ్, టైమ్ లేదు."

ఆసుపత్రికి ఫోన్ చేశారా అని అడిగింది. అతను సెకన్లు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.

ఆఖరి బులెటిన్‌లో ఏటా ఒక అబద్ధపు వార్త దూరుస్తారు. నిజమో కాదో విచారించకుండా చదివినవాళ్లకు సున్నా. అది ఆ డిపార్ట్‌మెంట్ ఆనవాయితీ, అందరికీ తెలిసిందే. ఇది అదే అయ్యుండాలి. కాకపోతే? తమ్ముడు రోజూ ఆ వంతెన మీదుగానే, ఆ బస్సులోనే వెళ్తాడు. ఫోను స్టూడియో బయట బుట్టలో ఉంది. లేచి పరుగెత్తితే అర నిమిషంలో తేలిపోతుంది. లేస్తే ఉద్యోగం పోతుంది.

లేవలేదు. లేవనందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

ఎర్ర దీపం మళ్లీ వెలిగింది.

"ఒక కాలేజీ బస్సు ప్రమాదానికి గురైందని సమాచారం అందింది. దాన్ని ఇంకా ఎవరూ ధ్రువీకరించలేదు. ధ్రువపడిన తరువాతే వివరాలు చెబుతాం."

గొంతు వణకలేదు. క్రీడలు చదివింది, వాతావరణం చదివింది. బల్ల కింద మోకాలిలో గోళ్లు దిగబడ్డాయి. సరిగ్గా పదో నిమిషానికి ముగించి, తలుపు తోసుకుని ఫోను దగ్గరికి పరుగెత్తింది.

తమ్ముడు నాలుగో రింగుకి ఎత్తాడు. "ఏంటక్కా, క్లాసులో ఉన్నా," అని గుసగుసగా విసుక్కున్నాడు. ఏం చెప్పాలో తెలియక, తిన్నావా అని అడిగింది. వాడు టక్కున పెట్టేశాడు. ఆమె గోడకు జారగిలబడి నేల మీద కూలబడింది.

జర్నలిజం మాస్టారు వచ్చి నూటికి నూరు వేశానన్నారు. ఇరవై ఏళ్లలో ఇలా నిలబడినవాళ్లను చూడలేదట.

"మా తమ్ముడి పేరే దొరికిందా సార్?"

"ఎవరి తమ్ముడో అయితే ఎవరైనా నిలబడతారమ్మా. అయినా ఈసారి చీటీలు నేను రాయలేదు, ఛానల్ వాళ్లు పంపారు."

అప్పటికే వరండాలోని టీవీలో రెండో బులెటిన్ మొదలైంది. చదువుతున్నది పోటీలో మిగిలిన రెండో అమ్మాయి, చిలకమ్మ. హాస్టల్లో ఇద్దరివీ పక్కపక్క మంచాలే. నాలుగో నిమిషంలో ఆమెకూ చీటీ అందింది. చిలకమ్మ దాన్ని చూసింది, ఒక్క క్షణం ఆగింది, ఎవరినీ ఏమీ అడగలేదు. చదివేసింది. ఫ్యాక్టరీలో మంటలు, నలుగురు కార్మికుల మృతి. చివరి పేరు దగ్గర గొంతు పూడుకుపోయింది. "మా నాన్న," అంది. కళ్ల వెంట ధారగా నీళ్లు. బులెటిన్లు చూడటానికి వచ్చి హాల్లో తెర ముందు కూర్చున్న తల్లిదండ్రుల్లో సగం మంది కళ్లు ఒత్తుకున్నారు.

వలలో పడిపోయింది పిచ్చిది, అనుకుంది గడియారం. దీపం ఆరగానే లోపలికి ఉరికి స్నేహితురాలిని కావలించుకుంది.

"అబద్ధమే. మీ నాన్నకేం కాలేదు. నాకూ ఇలాంటిదే ఇచ్చారు."

"నిజంగానా? ఒట్టెయ్యి." చిలకమ్మ వెక్కుతూనే ఉంది.

గడియారం ఒట్టేసింది. ఆమె వీపు నిమురుతుంటే మనసులో ఓ మూల సంతోషం తొంగిచూసింది, ఉద్యోగం ఇక తనదేనని. సిగ్గుపడి దాన్ని అణిచేసుకుంది.

గంట తర్వాత నోటీసు బోర్డు మీద మార్కులు పెట్టారు. గడియారానికి నూరు, చిలకమ్మకు సున్నా. ఆ పక్కనే ఎడిటర్ సంతకంతో మరో కాగితం. ఉద్యోగం చిలకమ్మకు.

ఎక్కడో పొరపాటు జరిగిందనుకుని ఆమె ఎడిటర్ వెంట పడింది. లిఫ్ట్ ముందు దొరికాడు.

"సార్, తను విచారించకుండా చదివేసింది."

"చూశాను. హాలంతా ఏడ్చింది. నువ్వు చదివేటప్పుడు నా పక్కాయన ఆవులించాడు."

అది అబద్ధపు వార్త కదా అని ఆమె గుర్తుచేసింది. మార్కులు మీ మాస్టారివి, చూసే జనం మావాళ్లు, అని అతను చాలా మర్యాదగా చెప్పి మీట నొక్కాడు.

"మరి మా తమ్ముడి పేరు మీకెవరిచ్చారు?"

తలుపులు తెరుచుకున్నాయి. ఎడిటర్ లోపలికి అడుగుపెట్టి ఇటు తిరిగాడు.

"ఆ అమ్మాయే. మొన్న ఇంటర్వ్యూకి వచ్చినప్పుడు రెండు చీటీలూ తనే రాసి తెచ్చింది."