తేలిక తూటాలు

“రెండోది కూడా పేలాలి పెద్దాయనా. మొదటిది తప్పితే ఆగి సర్దుకునే టైం ఉండదు.”

రాయిస్ ప్రూయిట్ తుపాకీని బల్ల మీద పెట్టి చేతులు వెనక్కి తీసుకున్నాడు. సరుకు పడవల మీద మోకులు లాగి లాగి కాయలు కాసిన చేతులు. డెల్మర్ టాకెట్ ముందు ఆ చేతుల్ని చూశాడు, తర్వాత తుపాకీని. ఒక తూటా పేలగానే రెండోదాన్ని తనంతట తనే ఎక్కించుకునే రకం. టర్కీ నుంచి వచ్చే చవక సరుకు. ఆర్కన్సాలో బాతుల వేటకు పోయేవాళ్లలో సగం మంది దగ్గర ఇలాంటివే ఉంటాయి. వాళ్ల బద్ధకం పుణ్యమా అని డెల్మర్ రిపేరు కొట్టు నడుస్తోంది.

“పెట్టెలోంచి తీశాక ఎప్పుడైనా కడిగావా?”

“కొత్తదాన్ని కడగడమెందుకు?”

“అందరూ అనే మాటే. తుప్పు పట్టకుండా ఫ్యాక్టరీలో పూసిన గ్రీజు, చూడు, అలాగే ఉంది. దానికి మసి తోడై బంకయిపోయింది. ఏ తూటాలు వేస్తున్నావు?”

“తేలికవి. భుజాన్ని తన్నకుండా ఉండేవి.”

డెల్మర్‌కు నవ్వొచ్చింది. “దున్నపోతులా ఉన్నావు, నీకు భుజం నొప్పా? బాతుల తూటాలు వెయ్యి. పేలిన గ్యాసు కాస్త వెనక్కి తోస్తేనే ఇది రెండోదాన్ని అందుకునేది. తేలికవాటికి ఆ సత్తువ ఉండదు.”

“నాకు తేలికవాటితోనే ఆడాలి. బాతుల కోసం కాదు.”

“మరి దేనికి?”

రాయిస్ ఆ మాట విననట్టే ఉన్నాడు. “భుజానికి ఆనించే మడమ కూడా కాస్త కోసి పొట్టి చెయ్యి. రేపు సాయంత్రం పడవెక్కుతున్నాను. ఈలోపే కావాలి.”

డెల్మర్ నవ్వు ఆగిపోయింది.

కిటికీలోంచి రాయిస్ ట్రక్కు కనిపిస్తోంది. లోపల అతని భార్య కార్లీన్ సీట్లో ముడుచుకుని కూర్చుంది. ఆమె దవడ మీద కమిలిన మచ్చ పసుపు రంగుకు తిరుగుతోంది. మాటిమాటికీ వెనక్కి తిరిగి రోడ్డు వైపు చూస్తోంది. దిగి పారిపోదామని చూసేవాళ్లు అలాగే చూస్తారు.

కొలిచే టేపు తెచ్చుకునే వంకతో డెల్మర్ బయటికి వెళ్లాడు. ఆమె కిటికీ దగ్గర ఆగాడు.

“ఏమ్మా, అంతా బాగానే ఉందా?”

ఆమె రోడ్డు వైపు చూసింది. తర్వాత, కొట్టు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డ రాయిస్ వైపు చూసింది.

“ఆయన చెప్పినట్టు చెయ్యండి,” అంది మెల్లగా.

“దవడకేమైంది?”

“తలుపు తగిలింది.”

ఈ కౌంటీలో ఆడవాళ్లందరినీ తలుపులే కొడతాయి. డెల్మర్ లోపలికి నడిచాడు.

వాళ్లు వెళ్లిపోయాక కూర్చుని ఆలోచించాడు. తేలిక తూటా అయితే చప్పుడు తక్కువ. మడమ పొట్టిదైతే కోటు కింద పడుతుంది. ఆమెను కనుక్కునే వేళకు వాడు నది మీద ఎక్కడో ఉంటాడు. డెల్మర్ తొమ్మిదో తరగతితో చదువు ఆపేసినవాడే గాని, మనుషుల్ని చదవడం తనకు వచ్చునని అతని నమ్మకం. షెరీఫ్ ఆఫీసుకు చెబుదామా? పోయిన ఏడు ఒకామె గురించి చెప్పబోతే, నీ పెళ్లాం నిన్నెందుకు వదిలేసి పోయిందో ముందు అది కనుక్కోమని నవ్వారు. చెయ్యనని తిప్పి పంపితే వాడు ఇంకో కొట్టుకు పోతాడు. తుపాకీ బాగుపడిందని వాడు నమ్మాలి. అది పేలకూడదు. అంతకంటే దారి లేదు.

మర్నాడు పొద్దున్నే తుపాకీని ముక్కలుగా విప్పాడు. గ్రీజంతా కిరోసిన్‌తో కడిగాడు. గొట్టం కింద గ్యాసు పోయే సన్నని రంధ్రాల్లో తీగ పెట్టి మసి తీశాడు. మడమ కోసి అంచు నునుపు చేశాడు. పెరట్లో నిలబడి తేలిక తూటాలు వరసగా పేల్చాడు. ఒక్కటీ ఆగలేదు. ఇంత చవక తుపాకీ ఇంత శుభ్రంగా ఆడటం అతను చూడలేదు.

తర్వాత, తూటా వెనక కొట్టి దాన్ని పేల్చే ఫైరింగ్ పిన్ను ఊడదీసి, దాని కొనను సానరాయి మీద అరగదీశాడు. తిరిగి బిగించాడు. బయటినుంచి చూస్తే ఏమీ తెలియదు.

సాయంత్రానికి ముందే రాయిస్ వచ్చాడు. పెరట్లో పడి ఉన్న ఖాళీ తూటాల్ని వేళ్లతో తిప్పి చూశాడు.

“అన్నీ తేలికవేనా?”

“తేలికవే. ఒక్కటీ తడబడలేదు.”

రాయిస్ అతని చెయ్యి రెండు చేతులతో పట్టుకున్నాడు. “నీ మేలు మర్చిపోలేను పెద్దాయనా.”

“పో, పడవకి టైమవుతుంది,” అన్నాడు డెల్మర్, చెయ్యి విడిపించుకుంటూ. ట్రక్కు కదిలేదాకా కార్లీన్ రోడ్డు మీంచి చూపు తిప్పలేదు.

ఆ వారం చివర్లో షెరీఫ్ ఆఫీసు నుంచి డిప్యూటీ హ్యాచర్ పెద్ద ప్లాస్టిక్ సంచిలో ఆ తుపాకీని పట్టుకొచ్చాడు.

“ఇది నీ చేతి పనేనా?”

“నాదే.”

“పేలలేదు. తూటా లోపలే ఉంది. దాని వెనక చిన్న నొక్కు కూడా పడలేదు.”

డెల్మర్ ఊపిరి వదిలాడు. ఎన్నేళ్లకో తన చేతి మీదుగా ఒక మంచి జరిగింది. “కావాలనే చేశాను హ్యాచర్. పిన్ను నేనే అరగదీశాను. కేసు పెట్టుకుంటావో, ఏం చేసుకుంటావో నీ ఇష్టం. ఆ పిల్ల బతికింది, నాకది చాలు.”

హ్యాచర్ టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

“కార్లీన్ పోయింది డెల్మర్. కత్తిపోట్లు. వంటింట్లో పడి ఉంది.”

డెల్మర్ బల్ల అంచు పట్టుకున్నాడు. తుపాకీ పేలకపోయేసరికి కత్తి అందుకున్నాడన్నమాట.

“రాయిస్ గాడు దొరికాడా?”

“వాడు విక్స్‌బర్గ్ దగ్గర పడవ మీదున్నాడు. ఎక్కినవాడు ఎక్కినట్టే ఉన్నాడు, దిగలేదు.”

“మరి ట్రిగ్గర్ నొక్కిందెవరు?”

“ఆవిడే, తలుపు విరగ్గొట్టుకొచ్చిన మొదటి మొగుడి మీద.”