రాళ్లు మార్చిన రోజు

సముద్రంలో చేపలు అడుగంటాక, మిగిలినవాటిని జాలరి ఇళ్లకే పంచి ఉప్పునీటి తొట్లలో పెంచమన్నారు. పన్నెండో అంతస్తులో ఉండే నూకరత్నం వంతుకు ఒక నీలం చేప వచ్చింది. తోడుగా పంపిన రెండింటినీ అది పొడిచి చంపేసింది. ఇవాళ మూడోది వచ్చింది. ఆ జాతిలో ఇక ఆడది అదొక్కటే.

చంకలో పాపతోనే నూకరత్నం తొట్టిలో చెయ్యిపెట్టి రాళ్లన్నీ తారుమారు చేసింది. తన చోటేదో తెలియకపోతే పాత చేప పోట్లాడదని, చేపను తెచ్చినవాళ్లు ఆమెకు చెప్పి వెళ్లారు.

"ఈపాలి పొడవదంటావేటత్తా?"

"పొడవదే పిల్లా. మనల్ని ఈ మేడల్లోకి తోలినప్పుడూ ఇంతే కదేటి. గుమ్మాలన్నీ ఒక్కలాగే కట్టీసినారు. పేటలో జుట్లు పట్టుకున్నోళ్లం, ఇక్కడ ఒక్కరమైనా నోరెత్తినామేటి?" అంది అత్త ఎర్రమ్మ నవ్వుతూనే.

నూకరత్నం కొత్త చేపను వదిలి, తొట్టి మీదికి వంగి చూసింది. పాతది దాని వంక చూడనైనా లేదు. తన రాతి గూడు ఉండే చోట, ఇప్పుడు వట్టి నీళ్లే ఉన్నచోట, కదలకుండా నిలబడిపోయింది. వేసిన మేత దాని పక్కనుంచే జారిపోయింది.

రెండూ బతికాయి. నూకరత్నం గుండె మాత్రం కుదుటపడలేదు.

"దీని రాయి దీనికి మళ్లీ పెట్టీమంటావా అత్తా?" అంటూ వెనక్కి తిరిగింది.

ఎర్రమ్మ వట్టి గోడకేసి చూస్తూ నిలబడి ఉంది. పాత పేటలో వాళ్లింటికి సముద్రం వైపు తలుపు అటే ఉండేది.